మిషనుకి నుదురు

దాలయ్య దుకాణాన్ని చూసి ఎవరూ దుకాణం అనుకోరు. రాయగడ బజారులో గోవిందరాజులు గారి బట్టల కొట్టుకి ఎదురుగా, రెండు రేకుల కింద ఒక బల్ల. బల్ల మీద పెట్రోమాక్సు లైట్లు, బల్ల కింద సైకిలు చక్రాలు, మధ్యలో దాలయ్య. పాతపట్నం దగ్గర పల్లె నుంచి పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో వచ్చాడు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు చెవి ఆన్చి వినేవాడు, సైకిలైనా సరే. "ఇది పోయింది" అనే మాట ఆయన నోట నేను ఒక్కసారీ వినలేదు. ఒడియావాళ్ళు అడిగితే "హెబ" అనేవాడు, మనవాళ్ళు అడిగితే "అవుద్ది" అనేవాడు. ఎవరికైనా దానర్థం ఒకటే, రేపు రమ్మని.

మొదట్లో ఆయనంటే నాకు ఒళ్ళు మంట. నేను గోవిందరాజులు గారి అరుగు మీద చేతి మిషను పెట్టుకుని రవికలూ చొక్కాలూ కుట్టేదాన్ని. మా ఆయన హార్మోనియం పట్టుకుని నాటకాల వాళ్ళతో ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి ఇల్లు గడిచేది ఆ మిషను మీదే. అది మా అత్తగారి నాటిది, వయసులో నాకంటే పెద్దది. నేను కుడుతుంటే ఎదుటి నుంచి దాలయ్య కేకేసేవాడు.

"కృష్ణవేణి సెల్లీ, సక్రం ఏడుస్తంది! మిసను నూనె ఓ సుక్క ఎయ్యి!"

బజారంతా నా మిషను వైపే చూసేది. తల కొట్టేసినట్టయ్యేది.

ఆయనకి అసలు పంట దసరా వెళ్ళాక. పండక్కి మేం ఆడవాళ్ళం మిషన్లకి పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్ళం. పెట్టేవాళ్ళం అంటే చాలదు. సూది పట్టే కన్నం కనిపించినా అందులో పసుపూ కుంకుమా దట్టించి, పైన దేవుడి దీపానికి పోసే ఒలిసెల నూనెతో అభిషేకం చేసేవాళ్ళం. మా కొండల్లో పండే ఒలిసెగింజల నుంచి తీసే ఆ నూనె దీపానికి బంగారం. మిషను కడుపులో మాత్రం నాలుగు రోజులకి బంక. ఇక బిగుసుకుపోయిన మిషన్లు వరసగా దాలయ్య బల్ల ఎక్కేవి. "బొట్టు ఎట్టండమ్మా, నోట్లో పొయ్యకండి" అని ఏటేటా మొత్తుకునేవాడు. వింటే కదా! అమ్మవారికి లోటు చేస్తామా?

నలభై నాలుగులో గోవిందరాజులు గారు దీపావళికి నలభై చొక్కాలు ఒప్పుకున్నారు.

"బరంపురం టైలరు కొత్త మిసనుతో వస్తానంటన్నాడమ్మా. పండక్కి నువ్వు ఇవ్వనేకపోతే అరుగు ఆడికి ఇచ్చెయ్యాల్సొస్తాది" అన్నారు, మెత్తగానే.

మెత్తగా అన్నందుకే నాకు భయం వేసింది. ఆ భయంతో ఆ దసరాకి మిషనుకి రెట్టింపు పూజ చేశాను. గిన్నెడు నూనె పోశాను. నాలుగో రోజుకి చక్రం కదల్లేదు.

మిషను నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటాను.

"ఏటి పోసేవు సెల్లీ?"

"ఏటీ పొయ్యనేదు" అన్నాను.

దాలయ్య చెవి ఆన్చాడు. తర్వాత అడుగు రేకు విప్పి, చిమటాతో లోపలినుంచి ఏదో లాగాడు. బంతిపువ్వు రేక.

"మరి ఇది దానికదే మొలిసిందా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు ఆగక అరుగు సంగతంతా చెప్పేశాను. ఆయన నవ్వడం మానేశాడు.

"అవుద్ది" అన్నాడు.

బంక కరగాలంటే కిరసనాయిలు కావాలి. యుద్ధం రోజులు, ఇంటికి ఒక్కో సీసా దొరకడమే గగనం. తన ఇంటి సీసా తెచ్చి మొత్తం నా మిషనులో పోశాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ఆయన భార్య కుంతి చెప్పింది. "మాకు దీపం నేదు, పొద్దుండగానే తినేసి తొంగుంటన్నాం" అని నవ్వింది.

రెండో రోజుకి చక్రం తిరిగింది. నా చేతికివ్వబోయి దాలయ్య మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. పాత పెట్రోమాక్సు తొట్టి నుంచి రూపాయంత ఇత్తడి రేకు కత్తిరించి, మిషను చెక్కపీట మూల బిగించాడు. దాని పక్కన చిన్న గిన్నె అతికించాడు.

"ఏటిది?"

"నుదురు. మనిసికి బొట్టు నుదుట్న ఎడతావు గానీ నోట్లో ఎడతావా? దీనికి నుదురు నేక మీరు కనపడ్డ కన్నంలో ఎడతన్నారు. ఇదిగో, ఇక్కడెట్టు. గిన్నెలో ఎంత నూనె పోసుకుంటావో పోసుకో."

దీపావళికి రెండు రోజుల ముందే నలభై చొక్కాలూ ఇచ్చేశాను. అరుగు నాకే మిగిలింది. సంగతి తెలిసి బజారులో ఆడవాళ్ళందరూ నుదుళ్ళు పెట్టించుకున్నారు. గుణుపురం నుంచి కూడా మిషన్లు బస్సెక్కి వచ్చాయి.

మరుసటి దసరా వెళ్ళింది. దాలయ్య బల్ల తుడిచి కూర్చున్నాడు. ఒక్క మిషనూ రాలేదు. రెండో రోజూ అంతే. మరమేకులన్నీ సీసాలోంచి బల్ల మీద పోసుకుని, మళ్ళీ సీసాలో వేసుకుంటున్నాడు. నా కోసం ఈ మనిషి తన పంట తనే పోగొట్టుకున్నాడే అనిపించింది.

మూడో రోజు మిషను నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటాను. ఆయన గభాల్న లేచాడు.

"మళ్ళీ నోట్లో పోసేవా?" ఆ గొంతులో ఎంత ఆశో!

"నేదన్నా. బాగుంది. ఓపాలి సూడు."

"బాగున్నదాన్ని సూసేదేటి?"

"సెవి ఎట్టు. ఏడాదికోపాలైనా నువ్వు ఇనాల కదా."

నా వెనకే పుణ్యవతి, రామలక్ష్మి, ఇంకా ఆరేడుగురు మిషన్లు మోసుకుంటూ రోడ్డు దాటారు. పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి చెప్పింది నేనే.  దాలయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని, మొదటి మిషను మీదికి వంగాడు.

ఇది అరవై రెండు. ఇప్పటికీ పండగ వెళ్ళిన మూడో రోజున మా మిషన్లు రోడ్డు దాటుతాయి. ఇన్నేళ్ళ సుత్తి దెబ్బలకి ఆయనకి చెవులు సరిగా వినపడవు. అయినా ప్రతి మిషనుకీ చెవి ఆన్చి, కళ్ళు మూసుకుని, "బాగుంది సెల్లీ" అంటాడు. ఆ మాట అబద్ధం కాకూడదని, ముందురోజే మేం మిషన్లు శుభ్రంగా తుడిచి, మిషను నూనె వేసి మరీ తీసుకెళ్తాం.