అక్క ఒళ్లో పోసిన ముచ్చెలు

మొన్న మా అబ్బాయితో ఎరువుల కొట్టుకి వెళ్ళి, తెగులు మందు పొట్లం మీద ఎర్ర ముక్కోణం పైన పుర్రె బొమ్మ చూసి అక్కడే బల్ల మీద కూలబడిపోయాను. ఎండ దెబ్బేమోనని కొట్టతను మంచినీళ్ళిచ్చాడు. ఎండా లేదు, పాడూ లేదు, నాకు మా పెద్దక్క గుర్తొచ్చింది. మన కాలంవాళ్ళకి తప్ప ఈ బాధ ఇంకెవరికి చెప్పుకోను?

స్వరాజ్యం వచ్చిన కొత్తలో అనకాపల్లి చుట్టుపక్కల చెరుకుకి కుళ్ళు తెగులు పట్టింది. గడ చీలిస్తే లోపల ఎర్రటి చారలు, పులిసిన కల్లు వాసన, నాటిన ముక్క నాటినట్టే భూమిలో కుళ్ళిపోయేది. నాన్న నెత్తిన చెయ్యి పెట్టుకుని కూచున్న రోజుల్లో టౌనులోంచి ఒకాయన సైకిలు మీద పాదరసం మందు డబ్బా తెచ్చి, ముచ్చెల్ని, అంటే నాటడానికి కణుపులతో నరికిన చెరుకు ముక్కల్ని, ఆ మందు నీళ్ళలో ముంచి నాటమన్నాడు. చేతులు కడుక్కోమనీ, పశువుల నోట పడనివ్వొద్దనీ మరీమరీ చెప్పాడు. మగాళ్ళు ఆ మాట పొల్లుపోనివ్వకుండా ఎడ్లని గట్టుకేసి రానివ్వలేదు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. నాటగా మిగిలిన ముచ్చెలు పారెయ్యకూడదు, కడుపుతో ఉన్న ఆడపిల్ల ఒళ్లో పోసి నమిలించాలి, అప్పుడే పంటా బిడ్డా చల్లగా ఎదుగుతాయని నమ్మకం. ఆ ఏడు పెద్దక్క తొలిచూలుకి పుట్టింటికొచ్చింది. మగాళ్ళు కాలవకి స్నానాలకి పోగానే నానమ్మ గట్టు మీద మిగిలిన, మందులో ముంచిన ముచ్చెల తట్ట నెత్తినెట్టుకుని ఇంటికొచ్చేసింది. పైపైన మందేగదా అని నూతి దగ్గర శుభ్రంగా కడిగింది కూడా. నరికిన మొనల్లోంచి ముక్క విషాన్ని లోపలికి పీల్చుకుంటుందని ఆవిడకేం తెలుసు! పసుపు రాసి, అక్క ఒళ్లో పోసి, "నమలవే తల్లీ, బిడ్డ సల్లగా ఉంటాది" అంది. అక్క నవ్వుతూ నమిలింది. నాకూ ఒక ముక్క ఇవ్వబోతే, అది చూలాలి వాటా అని నానమ్మ నా చేతి మీద ఒక్కటేసింది.

సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి. నాన్న వచ్చి అరుగు కింద పిప్పి చూసి, "ఓలమ్మో, ఎడ్లకే ఎట్టొద్దన్నాడే!" అని గుండెలు బాదుకున్నాడు. బండి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నోరంతా పూసి, మూత్రం ఆగిపోయి, మొహం వాచిపోయింది. ముందు బిడ్డ పోయింది, తర్వాత అక్క పోయింది. బంగారు తల్లి, ఎవరికీ ఏ కీడూ తలపెట్టని పిల్ల.

ఆ ఏడు చెరుకు ఏపుగా మొలిచింది. ఒక్క ముక్కా కుళ్ళలేదు. ఆ పచ్చదనం చూడలేక అమ్మ ఆ చేనివైపు వెళ్ళడమే మానేసింది. నానమ్మని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అన్నా బాగుండేదేమో.

ఆ మందు ఇప్పుడు ఆపేశారట. ఒళ్లో పోసే ఆచారం మా ఇంట్లో ఆ ఏటితోనే పోయింది. నానమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ నాట్లప్పుడు అరుగు మీద కూచుని, చేలోంచి వచ్చే ప్రతివాణ్ణీ "మిగిలినవి ఏటి సేసేర్రా?" అని నిలేసేది, పాతేశామంటే "లోతుగా పాతేరా?" అనేది. చూపు పోయాక అడుగుల చప్పుడు విని అడిగేది. ఇప్పటి కుర్రాళ్ళు మందు కొట్టి, ఖాళీ డబ్బాలు గట్టు మీదే పడేసి ఇళ్ళకి పోతున్నారు. అడిగేవాళ్ళు ఎవరూ లేరు.