అమ్మ కేక

మా అమ్మ దేముడమ్మ గొంతు ఏటికొప్పాకలో పక్క వీధికి కూడా వినబడేది. "ఓలే పావనీ, పాలు పొంగిపోతన్నాయే" అని నాకొక కేక, "మావా, కూడు సల్లారిపోతంది రా" అని నాన్నకొక కేక. పరువు పోతోందని విసుక్కునేదాన్ని. ఆ కేక కోసమే తర్వాత ప్రాణం కొట్టుకుంది.

నాన్న సింహాచలం, పెదనాన్న కన్నబాబు ఒకే షెడ్డులో లక్క బొమ్మలు చేసేవారు. మోటారు మీద తిరిగే కర్రకి లక్క ఒత్తితే రాపిడి వేడికి కరిగి అంటుకునేది. బడి నుంచి వస్తుంటే ఆ వాసన వీధి మొదట్లోనే తగిలేది.

హుద్‌హుద్ తుఫానుకి షెడ్డు గోడ పెదనాన్న మీద కూలింది. ఇంట్లో ఉన్న నాన్నకి గాలి హోరులో ఏమీ వినబడలేదు. వెళ్లేసరికి అంతా అయిపోయింది. పెదనాన్న చాలాసేపు పిలిచాడని, తలుపుకి చెట్టు అడ్డంపడి తాము కదల్లేకపోయామని షెడ్డు ఎదురింటివాళ్లు తర్వాత చెప్పారు. చెప్పకపోతే ఏం పోయిందో వాళ్లకి!

అప్పట్నుంచీ నాన్న మోటారు వేసిన కాసేపటికే ఆపేసేవాడు. "ఎవులో పిలిసినట్టున్నారు, సూడండి" అనేవాడు. బొమ్మ సగంలోనే ఉండిపోయేది. ఎవరు కేకేసినా ఉలి పడేసి పరుగెత్తేవాడు. ఊళ్లోవాళ్లు పనిదొంగ అన్నారు, వాళ్ల నోళ్లు పడిపోను. అమ్మ తాయెత్తులు కట్టించింది. చివరికి కేకలే మానేసింది. అన్నానికి కూడా దగ్గరికెళ్లి భుజం తట్టేది. పదేళ్లు మా ఇల్లు గుసగుసలతో నడిచింది.

పోయినేడు నేనే పోరుపెట్టి అనకాపల్లిలో మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. "ఇది బద్ధకం కాదు, దెయ్యం కాదు. ఆ తుఫాను ఈయన మనసులో ఇంకా ఆగలేదు. ఇన్నేళ్ల తర్వాతైనా వైద్యం ఉంది" అందావిడ. వారం వారం ఆ రోజు జరిగిందంతా మొదట్నుంచీ చెప్పించేది.

"సచ్చినోణ్ణి మళ్లీ సంపుతాదేటి ఆవిడ?" అని నాన్న బస్సెక్కనని మొండికేసేవాడు. అమ్మ వదల్లేదు. ఒకరోజు అక్కడే "నాకినబళ్లేదు అన్నయ్యా" అని వెక్కివెక్కి ఏడ్చాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ భుజం మీద నిద్రపోయాడు.

తర్వాత మోటారు వంతు. పిలుపు వినబడినట్టనిపించినా ఆపకూడదు, రోజూ ఇంకాస్త సేపు నడపాలి. అమ్మ పక్కనే పీట వేసుక్కూర్చునేది. ఎవరూ పిలవలేదని ఆవిడ ధైర్యం చెప్పకూడదు, అదీ డాక్టరమ్మ షరతు. స్విచ్ మీదికి వెళ్లే నాన్న చెయ్యి చూస్తూ, అమ్మ నోరు మూసుకుని కూర్చునేది. అమ్మకి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

మొన్న మధ్యాహ్నం నేను వెళ్లేసరికి షెడ్డులో మోటారు నడుస్తోంది. నాన్న ఓ బొంగరానికి ఎర్ర లక్క ఒత్తుతున్నాడు. ఏమనుకుందో, వాకిట్లోంచి అమ్మ గొంతెత్తింది.

"మావా, కూడు సల్లారిపోతంది రా."

ఎన్నేళ్లైంది ఆ కేక విని! నాన్న మాత్రం తల తిప్పలేదు. నేను పిలుద్దామని నోరు తెరిస్తే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్లు నిండిపోయాయి.

"ఉండే. ఆయనకి ఇనబళ్లేదు. సల్లారితే సల్లారనీ."