వాపసు పంపిన బ్రేకు

రవాణా శాఖ ఆఫీసులో అందరూ ఆమెను జల్లెడమ్మ అంటారు. ఎదురుగా కాదనుకోండి, అంత ధైర్యం ఎవరికీ లేదు. ఇన్‌స్పెక్టర్లు లారీలనూ బస్సులనూ రోడ్డు మీద ఆపి, పరీక్షించి రిపోర్టులు పంపుతారు. ఆ రిపోర్టులు ఎంత సరిగ్గా ఉన్నాయో కొలవడం ఆమె ఉద్యోగం. గడులన్నీ నిండాయా, వేళకు వచ్చాయా, నంబర్లు కలిశాయా అని కంట్లో వత్తులేసుకుని చూస్తుంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా రిపోర్టు వచ్చిన దారినే వాపసు పోవాల్సిందే.

వాపసు పోయినవి దిద్ది పంపేదాకా లెక్కలోకి రావు. ఎండకీ వానకీ రోడ్డు మీద నిలబడేవాళ్ళకు మళ్ళీ దిద్దే తీరిక ఎక్కడిది? చాలామటుకు అవి అలాగే పడి ఉంటాయి. లెక్కలో మిగిలేవన్నీ కడిగిన ముత్యాలు. అందుకే పై ఆఫీసువాళ్ళ పటంలో వీళ్ళ ప్రాంతం ఏళ్ళ తరబడి పచ్చరంగులోనే ఉంది. ఏం చూసుకుని మురిసిపోయారో గానీ, ఆ పటాన్ని ఫ్రేము కట్టించి మరీ గోడకు తగిలించారు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోయాక తనే పెంచింది. ప్రైవేటు బస్సు నడుపుతాడు, కొండదారి మీద. ఆ ఉదయం బూట్లు తొడుక్కుంటూ, "అక్కా, బ్రేకు తొక్కితే మరీ లోపలికి దిగిపోతోందే" అన్నాడు.

"ఓనరుకి చెప్పలేదురా?"

"చెప్పకేం! మొన్న ఇన్‌స్పెక్టర్ కూడా చూసి, బండి తిప్పొద్దని రాసుకున్నాడు. ఆర్డరు మాత్రం ఇంకా రాలేదు."

"రాశాడుగా, మా దగ్గరికొస్తే ఆగుతుందా? ఇవాళే చూస్తాన్లే. నెమ్మదిగా పోనీ" అంది.

ఆఫీసుకు వెళ్ళగానే ఆ బస్సు నంబరు కొట్టి చూసింది. లోపాలేమీ లేవని వచ్చింది. ఆమె మనసు కీడు శంకించింది. వాపసు పంపినవాటిలో వెతికింది. అక్కడుంది రిపోర్టు. "బ్రేకు పట్టడం లేదు. బండి తిప్పకూడదు" అని ఇన్‌స్పెక్టర్ స్పష్టంగానే రాశాడు. దాని కింద ఆమె రాసిన కారణం: "లైసెన్సు నంబరులో చివరి అంకె లేదు." ఆ లైసెన్సు తన తమ్ముడిదే. అప్పుడు అంకెలు తప్ప ఇంకేమీ చూడలేదు.

రిపోర్టు పట్టుకుని పెద్దాఫీసరు గదిలోకి పరుగెత్తింది. ఆయన తాపీగా, "ఇప్పుడు తీసుకుంటే ఆలస్యంగా వచ్చినట్టు పడుతుందమ్మా. పచ్చరంగు పోతుంది. నెలాఖరు దాటనివ్వకూడదూ?" అన్నాడు.

"మీ పచ్చరంగు తగలెయ్యండి! ఆ బస్సులో నా తమ్ముడున్నాడు" అని అరిచింది. ఆ గదిలో ఆమె గొంతు పెంచడం అదే మొదలు.

తనే రిపోర్టును లెక్కలోకి తీసుకుంది. కానీ ఆర్డర్లు చెక్‌పోస్టులకు మర్నాడు పొద్దున గానీ వెళ్ళవు. ఓనరుకు ఫోన్ చేసింది. "మీ లెక్కల్లోనే లోపం లేదని ఉంది కదమ్మా, ఇందాకే నెట్‌లో చూశాను. బండి నిండుగా కదిలింది కూడా" అన్నాడు చిరాగ్గా.

తమ్ముడికి ఫోన్ కలిపింది. రింగవుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. గోడ మీద పటం పచ్చగా మెరుస్తోంది. ఈపాటికి బస్సు కొండ దిగుతూ ఉంటుంది.

డ్రైవరుగా చేరిన రోజున వాడి చేత తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. స్టీరింగు పట్టుకున్నాక ఎవరు చేసినా, చివరికి తను చేసినా, ఫోన్ ఎత్తనని. వాడు అక్క మాట ఏనాడూ జవదాటలేదు.