పొడుగుకాళ్ల ఈగకు పేరు

ఆ పొడుగుకాళ్ల ఈగను ముందుగా చూసింది ఈదమ్మ. అమ్రాబాద్ అడవిలో పెంట అని పిలిచే చెంచుల గూడెంలో ఉండే పెద్దావిడ, నాకు దారి చూపిస్తూ వచ్చింది. ఉత్తర ఐరోపాలో ఇలాంటి ఈగలను గుర్తించడం నేర్చుకుని విజయనగరం తిరిగొచ్చిన నేను, ఒక అరుదైన రకం కోసం నాలుగు రోజులుగా ఆ అడవిలో తిరుగుతున్నాను.

కుళ్లిన మాను మీద వాలిన ఈగను పట్టి, దాని కాళ్లనూ రెక్కల గీతలనూ భూతద్దంలో చాలాసేపు చూశాను. అదే! సంతోషం పట్టలేక దాని పేరు పైకి చెప్పాను.

"గింత పురుగుకు గంత పెద్ద పేరా?" అని నవ్వింది ఈదమ్మ.

"పేరు లేకపోతే అది ఉన్నట్టు లెక్కే కాదమ్మా."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"నా పెద్దబిడ్డ పది దినాలే బతికింది. జరమొస్తే దవాఖానకు ఎత్తుకపోతాంటే తొవ్వలనే పానం పోయింది. ఇంకా పేరు గూడ పెట్టలే. గట్లయితే అది లేనట్టేనా?"

తప్పయిందన్నాను. ఈగ వెంట పెట్టే చీటీలో దాన్ని చూసినవాళ్ల పేరుండాలని, ఆమె పేరు రాస్తానని చెప్పాను.

"నాదొద్దు బిడ్డా. నా పెద్దబిడ్డకు చంద్రి అని పెడదామనుకున్న. గది రాయి."

ఈగను చూసినవాళ్ల పేరే తప్ప వేరే పేరు రాయడం కుదరదని చెప్పాను.

"సరే తియ్యి," అని ఆమె ముందుకు నడిచింది.

ఆ ఈగ ఇప్పుడు మ్యూజియంలో ఉంది. చీటీలో నా పేరొక్కటే ఉంది.