సుగుణ పేరున్న లైన్లు

కరెంటు వచ్చి పాత కంప్యూటర్‌లో ఫ్యాను తిరగగానే కాలిన దుమ్ము వాసన కొడుతుంది. నందిగామలో సుగుణ టైపు కొట్టు వాసన అది. నిరుడు ఆమె పోయింది. నాకే ఇవ్వమని ముందే చెప్పిపెట్టిందట, ఆ కంప్యూటర్ జగ్గయ్యపేటలో మా ఇంటికి వచ్చింది. చచ్చిన మనిషి మీద అసూయ పడకూడదంటారు. నాకింకా తగ్గలేదు.

మా ఆయన కూలోళ్ల పాటలు కట్టేవాడు. రాయడం రాదు. శనివారం శనివారం బస్సెక్కి వెళ్లి పాడితే సుగుణ టైపు చేసేది. ఆ ఒక్క రోజూ ఉతికిన చొక్కా వేసేవాడు.

"ఆ మహాతల్లి టీలో ఏం కలుపుద్దో, ఇల్లే గుర్తు రాదు నీకు!" అన్నాను ఒకసారి.

"నోర్ముయ్యవే. ఆమెకి మాట విలువ తెలుసు."

నాకు తెలియదన్నమాట. ఆ మాట ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

మా ఆయన చనిపోయాక నెలకు ఆ కొట్టుకు వెళ్లాను. పాటల మధ్యలో సుగుణ తన పేరు కూడా ఎక్కించుకుందని ఎవరో చెప్పారు. "నీ పేరున్న లైన్లన్నీ తీసెయ్," అన్నాను గుమ్మంలోంచే.

ఆమెకు కోపం రాలేదు. "నువ్వే తీసెయ్ రత్తమ్మా, కూర్చో," అని తన కుర్చీ ఇచ్చింది. నల్లటి తెర. బొమ్మల్లేవు, మౌసు లేదు, ఏం కావాలన్నా అక్షరాలు కొట్టి అడగడమే. కూడబలుక్కుని చదివే నా చేత ఒక్కో మీటా నొక్కించింది.

"దీంట్లో చోటు లేదమ్మా, ఇంకో కాపీ పట్టదు. ఉన్న ఫైల్లోనే దిద్దాలి. దిద్ది రాసేశామా, పాతది మళ్లీ రాదు. అందుకే ముందు ఏవి పోతాయో చూపించమని అడుగు."

అడిగాను. ఆమె పేరున్న లైన్లు మాత్రం వరసగా వచ్చి నిలబడ్డాయి. తెర మీద వేలు పెట్టి చదివాను.

"సుగుణ: ఈ మాట ఎక్కడిది? ఆయన: మా రత్తమ్మది. మిరపకోతలో అంది."

"సుగుణ: మరి ఇది? ఆయన: అదీ రత్తమ్మదే."

కిందికెళ్లినకొద్దీ అదే. ఆమె పేరున్న లైను తీస్తే అందులోని నా పేరూ పోతుంది.

"ఏం, తీసేద్దామా?" అంది.

"ఉండనీ." తెర మీంచి వేలు తీశాను. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"అయ్యో! ఇంట్లో చెప్పాడనుకున్నానే!"

చదవడం ఆ తర్వాత ఆమె దగ్గరే కాస్త గట్టిపరుచుకున్నాను. ఇప్పటికీ ఒక పాత గుడ్డ పారేయాలన్నా, ఎవరినైనా ఒక మాట అనాలన్నా, ఏం పోతుందో ముందు చూసుకుంటాను. అది ఆమె పెట్టిన అలవాటు.

ఆ లైన్లు రోజూ చదువుతాను. అవి ఆయన నోట నేను ఒక్కసారీ వినలేదు. శనివారం శనివారం ఆమె విన్నది.