ఈ పోగే కావాలా?

ఎం.ఏ. తత్వశాస్త్రం మొదటి ఏడాదిలో నేను సెమినార్ చెప్పడానికి లేచి, కాగితాలు చేత్తో పట్టుకుని, ఒక్క మాటైనా అనకుండానే కూర్చున్నాను. తరగతిలో ఉన్నదే పదకొండు మంది. మేడం కోప్పడలేదు. బయటకు పిలిచి, "సోమవారం ఇంకో అవకాశం ఇస్తాను. అప్పుడూ మాట్లాడకపోతే ఈ పేపరు మళ్లీ వచ్చే ఏడాదే," అన్నారు.

విషయం వినడానికి చిన్నదే. ఒకటి ఇంకొకదాని వల్ల ఉంది అనడం, ఒకటి లేకపోతే ఇంకొకటి ఉండదు అనడం ఒకటేనా? మొదటి సంబంధానికి ఆధారమనీ, రెండోదానికి ఆశ్రయమనీ మేడం పేర్లు పెట్టారు. రెండూ ఒకటేనని నేను నాలుగు పేజీలు రాశాను. దేని వల్ల ఉందో దాన్ని తీసేస్తే పోవాలి కదా! ఆ వాక్యం పక్కన మేడం ఎర్ర సిరాతో "నిజంగానా?" అని రాశారు.

శనివారం తిరుపతి నుంచి నగరి బస్సెక్కాను. ఇంట్లో ఒక మరమగ్గం మీద పడుగు, అంటే బట్టకు నిలువుగా ఉండే పోగులు, అయిపోయింది. కొత్త పడుగులోని ఒక్కో పోగునూ మగ్గంలో మిగిలిన పాత పోగు కొసకు అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలనూ కలిపి మెలిపెట్టాలి. అలా వేల పోగులు. అమ్మ పక్కన నేనూ కూర్చున్నాను.

"ఏమ్మే, మూతి ముడుసుకోని ఉండావు?" అంది అమ్మ.

"సోమవారం క్లాసులో మాట్లాడాలమా."

"మాట్లాడు. నోరు యాడన్నా అమ్మేసి వచ్చినావా?"

రెండో మగ్గానికి నూనె వేస్తున్న నాయన నవ్వాడు. "ఇంటికి నీ నోరు ఒకటి సాల్లే అని, బిడ్డ దానిది దాసిపెట్టుకుండాది."

"నువ్వు నూనె పొయ్యి సాలు," అంది అమ్మ.

నేను పరధ్యానంగా ఒక పాత కొసను గట్టిగా లాగాను. అది లోపలే పుటుక్కుమని తెగింది. చేతిలో కొత్త పోగు జత లేకుండా మిగిలిపోయింది.

"అమ్మా, పోగు తెగిపోయింది!"

"తెగితే తెగింది. ఊరంతా సాటింపు ఎయ్యాల్నా?" బొడ్లో దోపుకున్న తునక పోగుల్లోంచి ఒకటి లాగి, తెగిన చోటికి ఎక్కించి, రెండు వైపులా అతికేసింది.

"ఇది వేరే పోగు కదమ్మా?"

"అయితే? ఆ పోగు లేకపోతే చీర రాకుండా పోతాదా? నేసేటప్పుడు ఇంకో పది తెగతాయి."

"చీర ఉండేది పోగుల వల్లే కదా మరి?"

"పోగుల వల్ల కాకుండా గాలి వల్ల ఉంటాదా? ఏం సదువుతాండావు మే నువ్వు!"

నా చేతులు ఆగిపోయాయి. నేసిన చీర ఈ పోగుల వల్లే చీర. అయినా వీటిలో ఏ ఒక్కటి పోయినా అది చీరే. ఆధారం ఉంది, ఫలానా పోగు మీద ఆశ్రయం లేదు. నా నాలుగు పేజీలూ తప్పు. చేతిలోని అతుకును చూశాను. దాని సంగతి చీరకు తలకిందులు. ఈ రెండు పోగులే లేకపోతే ఈ అతుకు ఉండదు. కానీ పోగులు రెండూ పక్కపక్కన పడి ఉన్నంత మాత్రాన అతుకు పుట్టదు, ఎవరో మెలిపెట్టాలి. ఆశ్రయం ఉంది, ఆ పోగులు మాత్రమే ఆధారమంటే చాలదు.

ఆదివారమంతా పాత పేజీలు కొట్టేసి కొత్తవి రాశాను.

సోమవారం మొదటి రెండు వాక్యాలు ఎంత వేగంగా చదివానంటే మేడం మళ్లీ చదవమన్నారు. చీర దగ్గరికి వచ్చాక కాగితం చూడటం మానేశాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "పోగులన్నీ తీసేస్తే?" అని అడిగింది.

"అప్పుడు చీర ఉండదు. ఏవో కొన్ని పోగులు కావాలి. ఈ పోగే కావాలని లేదు."

"అయితే ఆశ్రయంలో కూడా రెండు రకాలున్నాయా?" అన్నారు మేడం.

దానికి నా కాగితాల్లో జవాబు లేదు. కూర్చోవాలనీ అనిపించలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాను.

"ఆలోచిస్తూ చెప్తాను మేడం," అన్నాను.