పి. కోటేశ్వరమ్మలు ఇద్దరు

రామమూర్తి తాత జన్మలో ఒక్కటే అబద్ధం ఆడాడు. అదీ నోరు తెరిచి కాదు, నోరు మూసుకుని.

పర్చూరుకి నాలుగు కిలోమీటర్ల ఇవతల ఊళ్లో ముప్ఫై ఏళ్లు లైబ్రేరియన్‌గా చేసి 2006లో రిటైరయ్యాడు. రిటైరయింది ప్రభుత్వం లెక్కలోనే. ఇప్పటికీ పొద్దున్నే తొమ్మిదింటికల్లా లైబ్రరీకి వెళ్లి, పేపరు చదివే నెపంతో కూర్చుని, కొత్త లైబ్రేరియన్ నజ్మీన్ ఏ పుస్తకం ఎక్కడ పెట్టినా తప్పు పడుతుంటాడు. సొంత చెప్పులు పోతే వెతకడు గాని, పుస్తకం వరస తప్పితే అన్నం సయించదు. ఇక ఆయన చేత్తో రాసిన కేటలాగు కార్డులంటే ఆయనకి ఎంత గర్వమంటే, చుట్టాలొస్తే పిల్లల్ని కాదు, ఆ కార్డుల సొరుగుల్ని చూపించేవాడు.

ఆ కార్డుల్నే నజ్మీన్ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున తలెత్తి అడిగింది.

"మాస్టారూ, ఈ పి. కోటేశ్వరమ్మ ఒక్కరేనా?"

తాత పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఎందుకూ?"

"ఒక్కో రచయితకి ఒక నంబరు ఇస్తున్నాం. ఆ మనిషి పుస్తకాలన్నీ ఆ నంబరుకి కట్టేస్తాం. లైబ్రరీలన్నిటికీ కలిపి పేర్ల జాబితా ఒకటుంది. సోమవారం మనది దానికి కలుపుతున్నా. ఆ తర్వాత అక్కడ ఒక్క అక్షరం దిద్దినా ఇక్కడ అన్ని పుస్తకాల మీదా దానంతటదే మారిపోద్ది."

"మంచిదేగా."

"మంచిదే. ఈవిడ హిందీ గైడ్లు రాసిన పిడపర్తి కోటేశ్వరమ్మ. 2009లో పోయారని జాబితాలో ఉంది. సోమవారానికి మన ఏడు పుస్తకాల మీదా ఆ సంవత్సరం పడుద్ది. కానీ ఆరు హిందీ గైడ్లు రాసినావిడ ఏడోది 'పత్తి చేలో పొడుపుకథలు' ఎందుకు రాసిందా అని..."

పేపరు వెనక తాత చదివిన వరసే మళ్లీ చదివాడు. ఆ ఏడోది రాసినావిడ ఆ పూట కూడా రెండు వీధుల అవతల మిరపకాయలు ఎండబోసుకుంటోంది.

ఇదంతా ఆ పుస్తకం లైబ్రరీకొచ్చిన రోజు, ఒక మధ్యాహ్నం తాత బద్ధకం. అట్ట మీద 'పి. కోటేశ్వరమ్మ' అని ఉంటే లోపలి పేజీ తిప్పి చూడకుండా, ఉన్న కార్డు కిందే ఇంకో వరస రాసి, హిందీ గైడ్ల పక్కన పెట్టేశాడు. అంతవరకూ పొరపాటు. దానికి ఎవరూ ఉరి వెయ్యరు.

2003లో ఆ పొడుపుకథల కోటేశ్వరమ్మే లైబ్రరీకి వచ్చింది. పెళ్లికి ముందు తను రాసి, చిలకలూరిపేటలో అచ్చేయించి, ఈ ఊరికి కాపరానికొచ్చాక లైబ్రరీకి ఇచ్చిన పుస్తకం ఒకసారి కావాలంది. తన దగ్గరున్నవి చెదలు తినేశాయట. తాత సొరుగు లాగి చూశాడు. కార్డు మీద పైనంతా హిందీ గైడ్లే. కింది వరసదాకా చూపు దించకుండానే "నీ పుస్తకం ఇక్కడ లేదమ్మా" అన్నాడు. ఆవిడ వెళ్లిపోయింది. నెల తిరక్కుండా గైడ్లు దులుపుతుంటే అది ఆయన చేతికే దొరికింది. 'తప్పు నాదే' అని ఆ సాయంత్రం వెళ్లి చెప్పాల్సింది. రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపుకి ఇరవై రెండేళ్లు.

"ఇద్దరమ్మా," అన్నాడు తాత, పేపరు దించి. "రెండో ఆవిడ మన ఊరే. పావులూరి వాళ్ల కోడలు. బతికే ఉంది."

"అయితే పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం కావాలి. తేడా తెలిసేలా పెట్టకపోతే కంప్యూటర్ కూడా మీలాగే చేస్తది."

"ఫోన్ చేసి అడగరాదూ?"

"కార్డు రాసింది ఎవరు మాస్టారూ?"

తాత పుస్తకం సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. కల్లంలో కోటేశ్వరమ్మ, కోడలు రాగసుధ, నలుగురు కూలీలు మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. అడుగు పెట్టగానే తాతకి వరసగా ఐదు తుమ్ములు.

"ఏంది పంతులుగారూ, దారి తప్పారా?"

"ఏం లేదమ్మా... నువ్వు పుట్టిన సంవత్సరం కావాలి."

"ఈ వయసులో సంబంధం చూస్తున్నారా ఏంది?"

కూలీలు పకపకా నవ్వారు. తాత పుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ కారం చేతులు చీరకి తుడుచుకుని, మొదటి పేజీ తిప్పి, తన పేరు మీద వేలు పెట్టింది.

"ఎక్కడ దొరికింది?"

"లైబ్రరీలోనే."

"ఎప్పుడు?"

ఇవాళే అంటే సరిపోయేది. తాత నాలుక చివరదాకా వచ్చింది కూడా.

"నువ్వొచ్చి అడిగిన నెలకే," అన్నాడు. "సిగ్గేసి చెప్పలేదు."

కోటేశ్వరమ్మ కేకలేస్తుందనుకున్నాడు. వేసినా బాగుండేది. ఆవిడ కోడలి వైపు గడ్డం చూపి మెల్లగా అంది: "ఇది కొత్తగా కాపరానికొచ్చిన ఏడు పంతులుగారూ అది. నేను పుస్తకం రాశానే అంటే, ఏదీ చూపించత్తా అంది. అందుకే వచ్చా మీ దగ్గరికి. అప్పట్నించీ ఇంట్లో నేను ఏ ముక్క మాట్లాడినా రచయిత్రిగారు సెలవిచ్చారంటది. మనవలక్కూడా అదే ఆట. నాతో చెబితే ఏం లాభం? దానికి చెప్పండి. గట్టిగా."

రామమూర్తి తాత, లైబ్రరీలో గుసగుసలాడిన వాళ్లని బయటికి పంపించిన మనిషి, కల్లం మధ్య నిలబడి అరిచినట్టే చెప్పాడు: "అమ్మాయ్ రాగసుధా! మీ అత్తగారు పుస్తకం రాసింది నిజం. లేదని చెప్పింది నేను. దొరికాక దాచిందీ నేనే." మధ్యలో రెండు తుమ్ములు.

రాగసుధ మొహం చేతిలో తాలుకాయల్లాగే తెల్లబోయింది. "నేనేదో సరదాకి అనేదాన్నత్తా..."

"ఇరవై రెండేళ్లు సరదానా?"

కూలీలు తలలు దించుకుని గబగబా ఏరసాగారు. తాతకి అక్కణ్ణించి పారిపోవాలనుంది. కాని సంవత్సరం ఇంకా చెప్పించుకోలేదు. మళ్లీ అడిగాడు.

"పందొమ్మిది వందల యాభై రెండు. బళ్లో వేసింది అదే."

"పేరు పావులూరి అని రాయమంటావా?"

"పోలు కోటేశ్వరమ్మ. రాసింది పోలు వాళ్ల పిల్ల. పావులూరి వాళ్లకి వంట చేసి పెట్టిందంతే."

తాత అలవాటు కొద్దీ పుస్తకం కోసం చెయ్యి చాపాడు. ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని పైట కప్పింది. చాపిన చెయ్యి అటే తీసుకెళ్లి తల గోక్కున్నాడు.

నజ్మీన్ కోటేశ్వరమ్మలిద్దరికీ రెండు నంబర్లిచ్చింది. పావులూరి పేరు కొట్టినా పోలు దగ్గరికే వెళ్లేట్టు కట్టింది. అంతా అయ్యాక, "పుస్తకమేది మాస్టారూ?" అంది.

తాత తన మెంబర్‌షిప్ కార్డు బల్ల మీద పెట్టాడు. "నా పేరు మీద రాసుకో."

గడువు పదిహేను రోజులు. పొడిగించాలంటే పుస్తకం తెచ్చి చూపించాలన్నది ఆ లైబ్రరీలో నియమం. పెట్టిందెవరని అడక్కండి. అందుకని పదిహేను రోజులకోసారి ఆ ఇంటికి వెళ్లి, పుస్తకం అడిగి తెచ్చి, ముద్ర వేయించి, మళ్లీ ఇచ్చి వస్తున్నాడు. కోటేశ్వరమ్మ ఒక్కసారీ 'పోనీలెండి' అన్లేదు. మంచినీళ్లు మాత్రం ఇస్తుంది.

నాలుగోసారి వెళ్లినప్పుడు గుమ్మంలోనే ఆపేసింది. "కూర్చోండి. లోపల రాగసుధ చదువుతోంది, సగంలో ఉంది."

తాత మిరపకాయల బస్తా మీద కూర్చుని, తుమ్ము రాకుండా ముక్కు పట్టుకున్నాడు.